సాఫ్టుబాలునందు బంతి విసరు విధము

క్రికెట్టునందు చేయి క్రిందనుండి బంతి విసరుట మన పిల్లలకు నవ్వు పుట్టించు పని. ఇందుకు కారణము లేకపోలేదు. 1981వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన మెల్‌బోర్ను నగరమున, న్యూజీలాండువారు చివరి బంతికి సిక్సరు కొట్టి ఆట సమము చేయుదురేమోయని ఆస్ట్రేలియావారు ఆ బంతిని నేలమీద దొర్లించి గెలిచిరి. నాటి నిందవలన అట్టి బౌలింగు నిషిద్ధమైనది. అందుచే సాఫ్టుబాలు నేర్వవచ్చిన బాలబాలికలు మొదటి దినమున "క్రిందిచేతి బంతియా?" యని పెదవి విఱచుట మాకు అలవాటైన దృశ్యము. ఈ ఆటలో క్రిందిచేతి విసురే ధర్మము. అందు బలహీనత యేమియు లేదు. ఆ సంగతి కొంత వివరింపదలచితిమి.

ఈ ఆట అమెరికాలోని షికాగో నగరమున 1887లో జార్జి హాన్‌కాక్ అను నాతడు చలికాలమున ఇంటిలోపల ఆడుకొనుటకై కల్పించినది. దీనికి "సాఫ్టుబాలు" అను పేరును 1926లో వై.ఎం.సి.ఏ. ఉద్యోగియైన వాల్టర్ హాకన్సన్ సూచించెను. ఆ సంఘము మనకు క్రొత్తది కాదు. 1920లో హారీ బక్ దొర మద్రాసునందు స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యాలయమున తరిఫీదు పొందినవా రెందఱో పూర్వపు మద్రాసు రాజధానిలో డ్రిల్లు మాష్టరులైరి. పేరు మెత్తనిదైనను బంతి మాత్రము మెత్తనిది కాదు. చుట్టుకొలత 12 అంగుళములు, తూకము సుమారు 6½ ఔన్సులు.

స్త్రీల ఆటలో పిచ్చరు నిలుచు పలకనుండి హోం ప్లేటు వఱకు 43 అడుగులు. పిచ్చరు ముందుకు అంగవేసి బంతిని విడుచును గనుక, అది గాలిలో పోవు దూరము సుమారు 37 అడుగులే. గంటకు 60 మైళ్ల వేగముగల బంతి సెకనుకు 88 అడుగులు పోవును. అనగా బ్యాటరు చూచి, తలచి, కొట్టుటకు సెకనులో సగమైనను లేదు. బేసుబాలులో దూరము 60½ అడుగులు. అచ్చట 90 మైళ్ల వేగముతో విసరిన బంతికిని దాదాపు ఇంతే కాలము పట్టును. లెక్కల తరగతివారు ఈ సంగతిని స్వయముగా కట్టి చూచుకొనవచ్చును.

ఈ వేగ మెచ్చటినుండి వచ్చును? చేతినుండి యని అందఱును తలంతురు. చేలలో పిట్టలను తోలు వడిసెలను తలచుకొనుడు. ఱాతికి వేగమిచ్చునది త్రాడు కాదు. త్రిప్పువాని కాళ్లు, నడుము, భుజము బలమిచ్చును. త్రాడు దానిని కొనవఱకు మోసికొనిపోవును. పిచ్చరు చేయియు వడిసెల త్రాడే. చేతిని బిగబట్టిన వాడు త్రాటికి మాఱుగా కఱ్ఱతో ఱాయి విసరువానితో సమానుడు.

కుడిచేతివారిని గూర్చి చెప్పెదము. ఎడమచేతివారు తాఱుమాఱు చేసికొనవలెను. మొదట బంతిని రెండు చేతులనడుమ పట్టి క్షణకాలము కదలక నిలువవలెను. ఇది నియమము. పిమ్మట బరువును కుడికాలిపై మోపి, పలకను వెనుకకు త్రోసి, ఎడమకాలితో క్యాచరువైపు పొడవైన అంగ వేయవలెను. అదే సమయమున కుడిచేయి ముందునుండి పైకి లేచి, చెవి ప్రక్కగా వెనుకకు తిరిగి, గాలిమఱ ఱెక్కవలె క్రిందికి వచ్చును. అందుకే దీనిని విండ్‌మిల్ అందురు. చేయి పైననున్నప్పుడు ఛాతీ మూడవ బేసువైపు తిరిగియుండవలెను.

ఇప్పుడు ఎడమకాలు నేల నూని గట్టిగా నిలిచిపోవలెను. విసురునకంతటికి ఆయువుపట్టిదే. పరుగెత్తు బస్సు చటుక్కున ఆగినచో లోనివారు ముందుకు తూలుదురు గదా! అట్లే కాలు ఆగగానే దేహపు వేగము నడుమునకు, అటనుండి భుజమునకు, మోచేతికి, తుదకు మణికట్టునకు ఎక్కును. మోకాలు కూలబడినచో వేగమంతయు నేలపాలగును. చేయి దిగునప్పుడు ముంజేయి తుంటిని రాచుకొనిపోవును. ఆ రాపిడితో పైచేయి మందగించి, ముంజేయి కొరడాకొనవలె ముందుకు దూకును. బంతి తుంటిదగ్గఱనే చేతిని విడుచును.

క్రొత్తవారిచే నెలల తరబడి మణికట్టు ఆడింపు మాత్రమే చేయించు పద్ధతి కొన్నిచోట్ల కలదు. అది మాకు నచ్చదు. మణికట్టు కొసఫలమే గాని వేరు కాదు. మేము గుడ్డల బంతితో గోడకెదురుగా నిలిపి, అంగ, నిలుపు, చేతి చుట్టు కలిపియే నేర్పుదుము. గుఱి కొఱకు తొందరపెట్టము. మఱియొక సంగతి: మన డెల్టా నేల బంకమన్ను. కుడికాలు ఈడ్చినచోట నాలుగు దినములలో గుంట పడును, వానకు బురదయగును. గోదావరి యిసుక కలిపి దానిని ప్రతిదినము పూడ్చనిచో కాలిమడమ బెణకక మానదు.

ఇక బంతుల తెఱగులు. తిరుగుచు పోవు బంతి గాలిని ఒకవైపునకు త్రోయును. గాలి బంతిని ఎదురువైపునకు త్రోయును. టెన్నిసు బంతి వంకర పోకను 1672లోనే న్యూటను గమనించెను. 1852లో దీనిని పరిశోధించిన జర్మను శాస్త్రజ్ఞుడు మాగ్నసు పేర ఇది ప్రసిద్ధమైనది. బంతి పైభాగము ముందుకు దొర్లునట్లు వ్రేళ్లను వెనుకనుండి పైకి లాగినచో అది బ్యాటరు ముందట క్రుంగును, ఇది డ్రాపు. అరచేతిని బంతిక్రిందికి చేర్చి తలుపు పిడి త్రిప్పునట్లు త్రిప్పినచో వెనుకకు దొర్లును, ఇది రైజు. రైజు బంతి గాలిలో మరల పైకి వంగునని చెప్పుకొందురు. నిజమునకు అది క్రిందనుండి పైకి గుఱిపెట్టబడి, బ్యాటరు ఊహించినంత క్రుంగకపోవుటచే లేచినట్లు తోచును. ప్రక్కకు తిరుగునది కర్వు. బంతిపై ఎఱ్ఱని పట్టీ యొకటి అంటించినచో ఏవైపు తిరుగుచున్నదో చూచువారికి స్పష్టమగును.

అన్నిటికంటె ముందు నేర్వవలసినది ఛేంజప్ అని మా యభిప్రాయము. బంతిని అరచేతిలోనికి లోతుగా పట్టి, చేతిచుట్టును తగ్గింపక పూర్తివేగముతో త్రిప్పి, నెమ్మదియైన బంతిని విడుచుట దీని గుట్టు. బ్యాటరు ముందుగానే బ్యాటు త్రిప్పి గాలిని కొట్టును. దీనికి బలముకంటె ధైర్యము హెచ్చుగా కావలెను.

తల్లిదండ్రులతో ఒక మాట. క్రిందిచేతి విసురు సహజమైనది గనుక ఎన్ని బంతులు విసరినను చేటులేదని చాలకాలము నమ్మిరి. ఆ నమ్మకము తప్పు. బంతి విడుచు తరి భుజపుకీలును లాగు బలము పిచ్చరు దేహభారమునకు దాదాపు సమానమని కొలతలు తెలుపుచున్నవి. 2008లో బీజింగు ఒలింపిక్సునందు జపాను పిచ్చరు యుకికో ఉయెనో రెండు దినములలో మూడాటలాడి 413 బంతులు విసరి తన దేశమునకు స్వర్ణపతకము తెచ్చెను. ఆమె అప్పటికే ఆఱితేఱిన క్రీడాకారిణి. పదునాలుగేండ్ల బాలికకు అది మాదిరి కాదు. 2021లో టోక్యో ఒలింపిక్సునందు అమెరికాతో జరిగిన తుది యాటలో అదే ఉయెనో కొంత విసరి, నడుమ మియు గోతో అను యువతికి బంతినిచ్చి, చివర మరల తానే వచ్చెను. జపాను 2-0తో గెలిచినది.

కావున ఒక జట్టునకు ఒక్క పిచ్చరు చాలునను మాట మేము ఒప్పుకొనము. పందెములకు పోవుటకు ముందే ముగ్గురిని సిద్ధపఱుపవలెను. ఒకదినము విసరినవారికి మఱుదినము విశ్రాంతి నీయవలెను. పిల్లలు నొప్పిని దాచుదురు, చోటు పోవునేమోయని. ఇంట బిందె యెత్తునప్పుడో, జడ వేసికొనునప్పుడో మీ యమ్మాయి కుడిచేయి లేపుటకు జంకినచో ఆ దినముననే మాకు కబురు పంపుడు. ఆమె స్థానము జట్టులో ఆమెకే యుండును.