కొత్త కారులో వచ్చిపోయే లోపం: అపోహలు – వాస్తవాలు

చెన్నూరు నుంచి మంచిర్యాలకు 63వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 40 కిలోమీటర్లు. ఇక్కడివాళ్ళు కొత్త కారును కంపెనీ వర్క్‌షాపుకు తీసుకుపోవాలంటే ఆ దారే పట్టాలి. పెద్ద పని పడితే గోదావరి దాటి కరీంనగర్ దాకా పోవాలి. పొద్దున ఇంటి ముందు స్టార్ట్ కాకుండా సతాయించిన బండి జైపూర్ దాటేసరికి మంచిగైపోతుంది. వర్క్‌షాపులో అడుగుపెట్టేసరికి దానికి ఏ రోగమూ లేనట్టే ఉంటుంది. “మాకైతే ఏం కనిపిస్తలేదు సార్” అన్న మాట విని తిరిగి రావాల్సి వస్తుంది. లక్షలు పోసి, నెలనెలా కిస్తీ కడుతున్న మనిషికి ఆ మాట ఎంత కష్టంగా ఉంటుందో అనుభవించినవాళ్ళకు తెలుసు. ఇంటికొచ్చాక చుట్టుపక్కలవాళ్ళు చెప్పే సలహాలు మరో పక్క. వాటిలో కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తిగా తప్పు, ఒకటి రెండు ప్రాణం మీదికి తెచ్చేవి కూడా ఉన్నాయి.

అపోహ: “వర్క్‌షాపులో కనిపించలేదంటే లోపం లేనట్టే.”

వాస్తవం: ఎక్కువమందిని ఓడగొట్టేది ఈ ఒక్క మాటే. లోపం బయటపడాలంటే దానికి తగిన పరిస్థితి కుదరాలి. వైరింగ్‌లో ఒక కనెక్టర్ పూర్తిగా బిగుసుకోకపోతే గుంతల రోడ్డు మీద కరెంటు తెగి, చదునైన రోడ్డు మీద అతుక్కుంటుంది. ఎర్త్ వైరు బోల్టు కింద పెయింటు మిగిలిపోతే ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు మొండికేస్తుంది. క్రాంక్ సెన్సర్లలో కొన్ని బాగా వేడెక్కినప్పుడే పనిచేయడం మానేసి, చల్లబడగానే మళ్ళీ మొదలుపెడతాయి. మన దగ్గర ఎండాకాలంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం రెండింటికి బజారులో ఎండలో నిలిపిన బండి బానెట్ కింద ఉండే వేడి, ఉదయం పదింటికి వర్క్‌షాపు నీడలో ఉండదు.

చలిజ్వరంతో వెళ్ళిన రోగి ఒళ్ళు ఆ సమయానికి చల్లగా ఉందని మంచి డాక్టరు జ్వరం లేదని తేల్చేయడు. ఏ వేళకు వస్తోంది, ఎన్ని రోజులకోసారి వస్తోంది అని అడుగుతాడు. బండి విషయంలోనూ అడగాల్సిన ప్రశ్నలు అవే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏసీ వేసి ఉందా? ఏ గేరులో, ఎంత స్పీడులో? ట్యాంకులో ఎంత ఇంధనం ఉంది? వాన పడిందా? ఈ జవాబులు రాసి పెట్టుకున్న యజమాని మెకానిక్ పనిని సగం తగ్గించినట్టే.

కనిపించని లోపాన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో అమెరికాలో జనరల్ మోటార్స్ ఉదంతం చూపించింది. ఆ కంపెనీ చిన్న కార్లలో ఇగ్నిషన్ స్విచ్ ఉండాల్సినంత బిగువుగా లేదు. కుదుపుకో, తాళాల గుత్తి బరువుకో తాళంచెవి దానంతటదే వెనక్కి తిరిగిపోయేది. ఇంజిన్ ఆగిపోయి, స్టీరింగ్ బరువెక్కి, ఎయిర్‌బ్యాగులు కూడా పనిచేయకుండా పోయేవి. మళ్ళీ తాళం తిప్పితే బండి మామూలుగా కదిలేది. గుత్తికి బరువైనవి తగిలించవద్దని కస్టమర్లకు చెప్పమంటూ 2005లో కంపెనీ డీలర్లకు సూచన పంపింది. తర్వాతి ఏడాది పార్ట్ నంబరు మార్చకుండా లోపలి భాగాన్ని మాత్రం మార్చింది. పాత బండ్లను వెనక్కి పిలిచింది 2014లోనే. అప్పుడు దాదాపు 26 లక్షల కార్లను రీకాల్ చేశారు. ఆ లోపం వల్ల 124 మంది చనిపోయారని పరిహార నిధి లెక్క తేల్చింది.

అపోహ: “కొత్త బండి కదా, నాలుగు వేల కిలోమీటర్లు తిరిగితే అదే సెట్ అయితది.”

వాస్తవం: కొన్ని విషయాల్లో ఇది నిజమే. కొత్త బ్రేక్ ప్యాడ్లు డిస్కుకు సర్దుకోవడానికి కొంత దూరం పడుతుంది. మొదటి కొన్ని రోజులు సైలెన్సర్ దగ్గర కాలిన వాసన రావచ్చు. మైలేజీ కూడా మెల్లగా మెరుగవుతుంది. ఇంజిన్ ఆగిపోవడం, స్టీరింగ్ ఒక పక్కకు లాగడం, గేరు పడకపోవడం, బ్రేక్ పెడల్ కిందికి జారిపోవడం మాత్రం ఎంత తిరిగినా సెట్ అయ్యేవి కావు. ఊరికే ఎదురుచూస్తే ఇటు వారంటీ రోజులు కరుగుతాయి, అటు రికార్డు లేకుండా పోతుంది.

దిష్టి తగిలిందనే మాట కూడా ఈ సందర్భంలోనే వినిపిస్తుంది. చెన్నూరు అగస్తీశ్వరాలయం ముందు వాహన పూజ చేయించుకోవడం, నిమ్మకాయలు కట్టుకోవడం మన ఇళ్ళలో ఉన్న ఆచారం. దాన్ని ఎవరూ మానుకోనక్కర్లేదు. పూజ అయిన రోజే ఫిర్యాదు కూడా రాయించండి.

అపోహ: “స్కానర్ పెడితే అన్నీ తెలిసిపోతాయి. స్కానర్‌లో ఏం రాలేదంటే బండి కరెక్టే.”

వాస్తవం: స్కానర్ చదివేది బండిలోనే ఉండే ఆన్‌బోర్డ్ డయాగ్నస్టిక్స్ ఏర్పాటును. మన దేశంలో అమ్మే కార్లలో 2010 నుంచి అది తప్పనిసరి అయింది. 2013లో దాని రెండో దశ వచ్చింది. ఈ ఏర్పాటు పుట్టిందే పొగ కాలుష్యాన్ని కనిపెట్టడానికి. ఇంజిన్, దాని సెన్సర్ల సంగతి ఇది బాగా చెబుతుంది. క్లచ్ వణుకు, సస్పెన్షన్ చప్పుడు, పట్టేసిన బ్రేక్ కాలిపర్, అరిగిన బేరింగ్ లాంటి మెకానికల్ లోపాలకు చాలావరకు స్కానర్‌లో కనిపించే కోడ్ ఉండదు.

కోడ్ ఉన్న లోపాల్లోనూ ఒక చిక్కు ఉంది. చాలా లోపాలకు ఒక్కసారి కనిపించగానే డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలగదు. వరుసగా రెండు ప్రయాణాల్లో కనిపిస్తేనే వెలుగుతుంది. ఆ తర్వాత మూడు ప్రయాణాలు సాఫీగా సాగితే ఆరిపోతుంది కూడా. కానీ మొదటిసారి కనిపించినప్పుడే కంప్యూటర్ దాన్ని పెండింగ్ కోడ్‌గా లోపల రాసుకుంటుంది. లైటు వెలిగిన లోపానికైతే ఆ క్షణంలో స్పీడు ఎంత, ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, కూలెంట్ ఎంత వేడిగా ఉంది అన్న వివరాలను ఫ్రీజ్ ఫ్రేమ్ పేరుతో భద్రపరుస్తుంది. అందుకే సర్వీస్ అడ్వైజర్‌ను స్కాన్ చేయమని అడిగితే సరిపోదు. పెండింగ్ కోడ్లు, పాత కోడ్లు, ఫ్రీజ్ ఫ్రేమ్ చూడమని, ఆ రిపోర్టు ప్రింట్ ఇవ్వమని అడగాలి. బండి మొరాయించగానే ఊళ్ళో ఎవరో వచ్చి బ్యాటరీ టెర్మినల్ పీకి మళ్ళీ పెడతారు. అప్పటికి బండి కదలవచ్చు. కానీ చాలా కార్లలో ఆ సాక్ష్యం మొత్తం దాంతోనే తుడిచిపెట్టుకుపోతుంది. వర్క్‌షాపుకు చేరేదాకా ఆ పని చేయనీయకండి.

అపోహ: “అంతా మీ డ్రైవింగ్, మీ పెట్రోలు, మీ రోడ్ల వల్లే.”

వాస్తవం: కావచ్చు, కాకపోవచ్చు. తేల్చాల్సింది పరీక్ష. బొగ్గు, ఇసుక లారీలు తిరిగే మన దారుల్లో ఎయిర్ ఫిల్టర్ త్వరగా నిండుతుంది. వరి కోతల కాలంలో ఎలుకలు ఇంజిన్‌లోకి దూరి వైర్లు కొరికేయడం కూడా ఉన్నదే, దానికి వారంటీ వర్తించదు. ఒకే బంకులో పోయించుకుని బిల్లులు దాచిపెడితే పెట్రోలు మీద నింద వేయడం కష్టమవుతుంది. డ్రైవింగ్ తప్పు అన్నప్పుడు టెక్నీషియన్‌నే స్టీరింగ్ ముందు కూర్చోబెట్టండి. లోపం పొద్దున చల్లటి ఇంజిన్‌తో వస్తుంటే బండిని రాత్రికి అక్కడే వదిలి, తెల్లారి వాళ్ళ చేతే స్టార్ట్ చేయించండి. వేడికి వస్తుంటే మధ్యాహ్నం ఏసీ వేసి లాంగ్ ట్రయల్‌కు పట్టుబట్టండి. వీడియో తీయడానికి మీటరు, కిలోమీటర్ల రీడింగ్, శబ్దం మూడూ ఒకేసారి పడేలా పక్క సీట్లోని మనిషి చేతికి ఫోన్ ఇవ్వండి. నడిపేవాళ్ళు ఆ పని పెట్టుకోవద్దు.

అపోహ: “బయటి మెకానిక్ ముట్టుకుంటే వారంటీ పోయినట్టే.”

వాస్తవం: ఒక అనుభవజ్ఞుడు బానెట్ ఎత్తి చూసి, శబ్దం విని అభిప్రాయం చెప్పినంత మాత్రాన ఏమీ కాదు. వైరు కోస్తే, సీలు విప్పితే, పార్టు మారిస్తేనే గొడవ. కొన్న వారంలోనే బయట హారన్లు, ఫాగ్ లైట్లు, మ్యూజిక్ సిస్టం బిగించి వైరింగ్ కోయించుకున్నవాళ్ళు ఆ తర్వాత ఎలక్ట్రికల్ లోపం గురించి వాదించడం చాలా కష్టం.

అపోహ: “జాబ్ కార్డు వాళ్ళ ఆఫీసు పని కోసం, మనకెందుకు?”

వాస్తవం: మీ దగ్గర ఉండే అసలైన ఆస్తి అదే. “జనరల్ చెకప్” అని రాసిన జాబ్ కార్డు మీద సంతకం పెట్టకండి. “ఇంజిన్ వేడెక్కిన తర్వాత, మూడో గేరులో, ఏసీ వేసి ఉండగా బండి ఆగిపోతోంది, ఐదు నిమిషాలకు మళ్ళీ స్టార్ట్ అవుతోంది” అని మీ మాటల్లోనే రాయించండి. తెలుగులో రాయించినా ఫర్వాలేదు. తేదీ, కిలోమీటర్లు ఉండాలి. వాళ్ళు ఏమీ కనిపించలేదని చెబితే ఆ మాటనూ రాయించి కాపీ తీసుకోండి. ఆ కాగితం మీకు వ్యతిరేకం అనుకుంటారు చాలామంది. నిజానికి ఫలానా రోజున మీరు ఫిర్యాదు చేశారని, లోపం తీరలేదని చెప్పే సాక్ష్యం అదే. అలాంటివి నాలుగు వరుసగా ఉంటే మీ మాటకు బలం వస్తుంది. డీలర్‌తో పాటు కంపెనీకీ ఈమెయిల్ పెట్టండి. ఫోన్లో చెప్పిన మాటకు రేపు ఆనవాలు ఉండదు.

అపోహ: “కొత్త కారు కాబట్టి ఖరాబైతే ఇంకో కొత్త కారు ఇయ్యాల్సిందే.”

వాస్తవం: అమెరికాలో 1982లో కనెటికట్ రాష్ట్రంతో మొదలై అన్ని రాష్ట్రాల్లోనూ లెమన్ లా అనే చట్టాలు వచ్చాయి. ఒకే లోపాన్ని పదేపదే రిపేరు చేసినా పోకపోతే బండిని మార్చాలనో, డబ్బు తిరిగివ్వాలనో అవి చెబుతాయి. మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. మనకున్నది వినియోగదారుల రక్షణ చట్టం, 2019. దాని కింద లోపం సరిచేయమని, వస్తువు మార్చమని, సొమ్ము వాపసు ఇవ్వమని, పరిహారం చెల్లించమని వినియోగదారుల కమిషన్ ఆదేశించవచ్చు. ఏది దక్కుతుందన్నది మీరు చూపించే రుజువును బట్టి ఉంటుంది.

రెండు సుప్రీంకోర్టు తీర్పులు ఇక్కడ తెలుసుకోవాలి. 2006లో తీర్పు వచ్చిన మారుతి ఉద్యోగ్ కేసులో కొత్త కారు క్లచ్ సతాయించింది. లోపమున్న భాగాన్ని సరిచేయడం లేదా మార్చడమే వారంటీ షరతు కాబట్టి కారు మొత్తం మార్చమనడం కుదరదని కోర్టు చెప్పింది. అయినా కొనుగోలుదారు పడ్డ ఇబ్బందికి సొమ్ము ఇప్పించింది. 2010లో ఫియట్ ఇండియా కేసు మరో దారి చూపింది. కొత్త కారు ఇంజిన్‌లో వస్తున్న శబ్దం మీద మొదలైన గొడవ అది. స్వతంత్ర నిపుణుడు పరీక్షించి తయారీలోనే లోపం ఉందని తేలిస్తే ధర, లైఫ్ ట్యాక్స్ 12 శాతం వడ్డీతో తిరిగివ్వాలని కోర్టు ఆదేశించింది. కాబట్టి ఒక భాగం లోపమా, తయారీలోనే ఉన్న లోపమా అన్నదే అసలు ప్రశ్న. పార్టు మార్చాక కూడా అదే లోపం మళ్ళీ మళ్ళీ వచ్చిందని చూపే జాబ్ కార్డులు, నిపుణుడి రిపోర్టు కలిస్తేనే రెండో దారి తెరుచుకుంటుంది. పరీక్ష లేకుండా తేలని లోపమైతే కమిషనే ప్రయోగశాలకు పంపించే వీలు కూడా చట్టంలో ఉంది. ఆ ఖర్చు ముందు ఫిర్యాదుదారు డిపాజిట్ చేయాల్సి రావచ్చు.

అపోహ: “కేసంటే కంపెనీ ఉన్న ఊరికి తిరగాలె, వకీలుకు పెట్టాలె. టాక్సీ బండికైతే అసలే చెల్లదు.”

వాస్తవం: 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటి పరిధిలోని జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషనే చూస్తుంది. 5 లక్షల దాకా ఫీజు లేదు. 5 నుంచి 10 లక్షలకు 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షలకు 400 రూపాయలు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో ఈ–జాగృతి పోర్టల్‌లో వేయవచ్చు, వీడియో ద్వారా విచారణ కోరవచ్చు, వకీలు లేకుండా సొంతంగా వాదించుకోవచ్చు. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయడం మంచిది. గడువు మాత్రం మరవకూడదు. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ళు. పరీక్ష అవసరమైన కేసు ఐదు నెలల్లో తేలాలని చట్టం అంటుంది. వాస్తవంలో అంతకంటే ఎక్కువే పడుతుందని తెలిసే దిగాలి.

ఇక టాక్సీ సంగతి. సింగరేణి బొగ్గు గనుల సంస్థకు అద్దెకు పెట్టుకుని బతుకుదామని ఒక కారు కొని తానే నడుపుకునే యువకులు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం కొన్నవాళ్ళను చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. పసుపు ప్లేటు ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదు.

అపోహ: “రీకాల్ ఉంటే కంపెనీయే ఇంటికి ఫోన్ చేస్తది.”

వాస్తవం: చేయవచ్చు, కానీ బండి చేతులు మారినా, ఫోన్ నంబరు మారినా ఆ కబురు అందదు. 2024 అక్టోబరులో హోండా ఇంధన పంపు లోపంతో 90,468 కార్లను వెనక్కి పిలిచింది. పంపు లోపలి ఇంపెల్లర్ పాడైతే ఇంజిన్ నడుస్తూనే ఆగిపోవచ్చు, లేదా స్టార్టే కాకపోవచ్చు. ఆ బండ్ల యజమానుల్లో ఎంతమంది “అప్పుడప్పుడు ఆగుతోంది” అని చెప్పి నమ్మించలేకపోయి ఉంటారో! కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు కొట్టి చూసుకోవడానికి నిమిషం చాలు. 2021 ఏప్రిల్ నుంచి ఏడేళ్ళలోపు వాహనాల భద్రతా లోపాలపై తప్పనిసరి రీకాల్‌కు నిబంధనలు అమల్లోకి వచ్చాయి. యజమానులు రవాణా మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఫిర్యాదులు ఒక సంఖ్య దాటితేనే విచారణ మొదలవుతుంది కాబట్టి మీ ఒక్క ఫిర్యాదు మరో ఊళ్ళో అదే బండి నడుపుతున్నవాళ్ళకూ పనికొస్తుంది.

అపోహ: “మెల్లగా నడుపుకుంటూ పోయి వర్క్‌షాపులో చూపిద్దాం.”

వాస్తవం: ఏసీ, పవర్ విండో, చిన్న చప్పుడు అయితే సరే. బ్రేక్, స్టీరింగ్, నడుస్తూ ఆగిపోయే ఇంజిన్ అయితే వద్దే వద్దు. లోడు లారీలు వెనకాల తరుముతున్నట్టు వచ్చే రోడ్డు మీద ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేక్‌కు సహాయం ఒకటి రెండు తొక్కులదాకే మిగులుతుంది. పెడల్‌ను పదేపదే తొక్కి వదలకుండా, ఒకేసారి గట్టిగా తొక్కిపట్టి, హజార్డ్ లైట్లు వేసి, పక్కకు తీసి, మనుషులను దింపండి. కంపెనీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కు ఫోన్ చేసి బండిని లారీ మీద ఎక్కించి పంపండి. చాలా కొత్త కార్లకు మొదటి సంవత్సరాల్లో ఈ సేవ ఉచితం. ఆ ఫోన్ కాల్ నంబరు, సమయం కూడా మీ ఫిర్యాదులో చేరతాయి. లోపం ఏమిటో రాతపూర్వకంగా చెప్పి సరిచేసేదాకా ఆ బండిలో పిల్లలను ఎక్కించకండి.