బొమ్మ ముఖము, పిల్ల మనసు

ఆడపిల్ల బొమ్మను ఒడిలో పెట్టుకొని తల్లిలాగా లాలిస్తుంది. ఆ బొమ్మకు ఎప్పుడూ పరాయి ముఖమే ఉంటే ఆమె ఏమి నేర్చుకుంటుంది?

అమెరికాలో 1940ల నాడు కెన్నెత్ క్లార్కు, మేమీ క్లార్కు అనే నల్లజాతి దంపతులు ఈ సంగతి పరిశోధించినారు. వారు మనస్తత్వ శాస్త్రజ్ఞులు. రంగులో తప్ప తేడా లేని బొమ్మలను నల్లజాతి పిల్లల ముందు పెట్టి, మంచి బొమ్మ ఏదని అడిగినారు. ఎక్కువమంది తెల్లదానినే చూపినారు. నీలాగా ఉన్నది ఏదని అడిగితే కొందరు ఏడ్చినారు. బడులలో జాతి విభజన చెల్లదని 1954లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ పరిశోధన ప్రస్తావన ఉన్నది.

అంగళ్లలో నల్ల బొమ్మలు లేకపోలేదు. కాని వాటిలో చాలా వరకు పనిమనిషి వేషమో, వెక్కిరింపు రూపమో, తెల్ల బొమ్మ అచ్చుకే పూసిన నల్లరంగో ఉండేది. 1968లో లాస్ ఏంజెలిస్‌లో నల్లజాతివారు స్థాపించిన షిండానా కంపెనీ, తమ పిల్లల ముక్కు, పెదవుల తీరుతోనే బేబీ నాన్సీ బొమ్మను చేసినది. కంపెనీ 1983లో మూతబడినా, ఆ బొమ్మకు 2020లో అమెరికా జాతీయ ఆటబొమ్మల గౌరవశాలలో చోటు దక్కినది.

తోట కూలీల మనుమలమైన మనము దీనిని పరాయి కథ అనుకోరాదు. మన ఇండ్లలోనూ పసిబిడ్డను చూడగానే "తెల్లగా ఉన్నది" అనడము పొగడ్తే. మంచి బొమ్మ కొనడానికి ముందు మనము ఆ మాట మానుకోవాలి.