పైన పటారం, లోన లొటారం

గొలుగొండ మండలంలోని ఒక పొదుపు సంఘం పాత కారో, జీపో కొనాలనుకుంది అనుకోండి. సరుకు నర్సీపట్నం తీసుకెళ్ళాలి. కిరాయికి కూడా తిప్పాలి. అమ్మేవాడు బండికి కొత్త రంగు వేయించాడు. సీట్లకి కొత్త గుడ్డ కుట్టించాడు. లోపల గేరుబాక్సు మాత్రం అరిగిపోయింది. రంగు చూసి డబ్బు ఇస్తే ఏమవుతుంది? బండి ఆగిపోతుంది. బ్యాంకు వాయిదా ఆగదు.

అందుకే గేరుబాక్సు గురించి తెలుసుకోవాలి.

గేరుబాక్సు అంటే ఏమిటి?

చెరకు గానుగ చూసే ఉంటారు. అందులో పళ్ళ చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతాయి. గేరుబాక్సులో ఉండేవీ పళ్ళ చక్రాలే. ఇంజను బలాన్ని ఇవి బండి చక్రాలకి అందిస్తాయి.

చిన్న లెక్క చెయ్యండి. 10 పళ్ళ చక్రం 40 పళ్ళ చక్రాన్ని తిప్పుతోంది. చిన్నది 4 చుట్లు తిరిగితే పెద్దది 1 చుట్టు తిరుగుతుంది. వేగం తగ్గింది. కానీ తిప్పే బలం దాదాపు 4 రెట్లు పెరిగింది. మొదటి గేరు చేసే పని ఇలాంటిదే. బరువుతో కదలడానికీ, కొండ ఎక్కడానికీ బలం కావాలి. చదును రోడ్డు మీద వేగం కావాలి. అప్పుడు పై గేరు వేస్తారు.

ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య క్లచ్ ఉంటుంది. తొక్కితే రెండూ విడిపోతాయి. వదిలితే కలుస్తాయి.

ఏ రకమో ఎలా గుర్తుపట్టాలి?

డ్రైవరు కాళ్ళ దగ్గర చూడండి. తొక్కేవి 3 ఉంటే క్లచ్ ఉన్నట్టు. గేరు చేత్తో మార్చాలి. తొక్కేవి 2 మాత్రమే ఉంటే క్లచ్ తొక్కే పని లేదు. గేర్లు వాటంతట అవే మారతాయి. ఇలాంటి బండి బాగుచేయడానికి ఆ పని తెలిసిన మెకానిక్కే కావాలి. ఆయిలు కూడా వేరు. బండితో వచ్చిన పుస్తకంలో రాసిన ఆయిలే పోయించాలి.

చేత్తో గేరు మార్చే బండిని ఎలా పరీక్షించాలి?

1. బండిని రాత్రి ఒకచోట నిలిపి, కింద అట్టముక్క పరవండి. పొద్దున్న అట్ట మీద ఆయిలు మరక ఉంటే ఎక్కడిదో అడగండి.

2. మెకానిక్కు చేత గేరు ఆయిలు కొంచెం తీయించండి. అందులో ఇనప రజను బాగా మెరుస్తుంటే పళ్ళు అరుగుతున్నట్టు.

3. ఇంజను ఆన్ చేసి, గేరు వేయకుండా వినండి. గరగర శబ్దం వస్తోందా? క్లచ్ తొక్కగానే ఆగిందా? అయితే లోపలి బేరింగు అనుమానించాలి.

4. బండి నడిపించి చూడండి. ప్రతి గేరూ వేయించండి. రివర్సు మరిచిపోకండి. గేరు పడేటప్పుడు కరకరమంటే మంచిది కాదు.

5. ఎత్తు ఎక్కించండి. ఇంజను గట్టిగా అరుస్తుంది, బండి మాత్రం లాగదు. కాలిన వాసన వస్తుంది. అంటే క్లచ్ జారుతోంది. క్లచ్ ప్లేటు అరిగి ఉండవచ్చు.

6. ఎక్సిలేటరు వదలగానే గేరు దానంతట అదే ఊడి వస్తోందా? అలాంటి బండి కొనవద్దు.

ఆరోది ఎందుకంత ముఖ్యం?

నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్ళాలంటే లంబసింగి ఘాటు ఎక్కాలి. తిరిగి దిగాలి. దిగేటప్పుడు చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. గేరు ఊడితే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. బ్రేకులు బాగా వేడెక్కితే సరిగ్గా పట్టవు. బండి నిండా మనుషులుంటారు. డబ్బు పోతే మళ్ళీ సంపాదించవచ్చు. ప్రాణం తిరిగి రాదు.

అదే కారణంగా, పెట్రోలు మిగులుతుందని గేరు తీసేసి కొండ దిగే డ్రైవరును వద్దనండి.

డబ్బు ఇచ్చేముందు

మెకానిక్కును సంఘమే పిలవాలి. అమ్మేవాడు తెచ్చిన మనిషి మాట చాలదు. బాగుచేయడానికి ఎంత అవుతుందో కాగితం మీద రాయించండి. ఆ మొత్తం ధరలో తగ్గించమనండి. బండి మీద ఉన్న ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్.సి.లో ఉన్నవాటితో పోల్చండి. ఒక్కో అంకె మీరే చదవండి. ఒక్క అంకె తేడా ఉన్నా డబ్బు ఇవ్వకండి.

మాట్లాడుకోండి

మీ ఊరి బండ్లలో క్లచ్ లేనివి ఉన్నాయా?
12 పళ్ళ చక్రం 36 పళ్ళ చక్రాన్ని తిప్పితే బలం ఎన్ని రెట్లు అవుతుంది?
కొండ దిగేటప్పుడు గేరు ఎందుకు తీయకూడదు?