సంతకానికి ముందు చదవాలి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కొనడం కూడా అంత పనే. కూలి డబ్బు, పొదుపు డబ్బు పోగుచేసి కొంటారు. కాగితాలు చూడకుండా కొంటే ఆ కష్టమంతా పోతుంది.

"తెలిసినవాడే కదా" అని కొందరు తెల్లకాగితం మీద రాయించుకుంటారు. పెద్దమనుషులు సంతకాలు చేస్తారు. అది చాలదు. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే ఇల్లు, స్థలం అమ్మితే రిజిస్ట్రేషను చేయించాలి. 1908 నాటి చట్టం ఈ మాట చెబుతోంది. రిజిస్ట్రేషను కాకపోతే ఇల్లు కొన్నవారి సొంతం కాదు.

రిజిస్ట్రేషను అయితే చాలా? అదీ చాలదు. అమ్మేవాడు నిజమైన హక్కుదారు అని సబ్ రిజిస్ట్రారు హామీ ఇవ్వడు. కొనేవారే చూసుకోవాలి. ఏమేమి చూడాలి?

1. పాత దస్తావేజులు: అమ్మేవాడికి ఇల్లు ఎలా వచ్చింది? కొన్నాడా? తండ్రి ఇచ్చాడా? అసలు కాగితాలు చూపించమనాలి. జిరాక్సు చూసి నమ్మకూడదు. అసలువి బ్యాంకు తాకట్టులో ఉండవచ్చు.

2. ఈసీ: సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రుసుము కడితే ఈ కాగితం ఇస్తారు. ఆ ఇంటిని ఎవరు ఎవరికి అమ్మారు, ఎక్కడ తాకట్టు పెట్టారు అన్నది ఇందులో ఉంటుంది. కానీ రిజిస్ట్రేషను అయినవే ఇందులో కనిపిస్తాయి. నోటిమాట ఒప్పందాలు కనిపించవు. అందుకే ఆ ఇంట్లో ఉన్నవారినీ, ఇరుగుపొరుగునూ అడగాలి.

3. వాటాదారులు: పెద్దల నాటి ఇల్లయితే అన్నదమ్ముల సంతకాలే చాలవు. హిందూ కుటుంబాల ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉంది. దేశమంతటా ఈ చట్టం 2005లో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే ఈ మార్పు మొదలైంది. ఆడపడుచుల సంతకాలు లేకపోతే రేపు కోర్టులో దావా పడవచ్చు.

4. ప్రభుత్వం ఇచ్చిన పట్టా స్థలం: పేదలకు ఇచ్చిన ఇలాంటి భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. తర్వాత కొన్ని సడలింపులు వచ్చాయి. ఆ స్థలం నిషేధిత జాబితాలో ఉందేమో తహసీల్దారు ఆఫీసులో అడగాలి.

బయానా ఇస్తే రసీదు తీసుకోవాలి. దస్తావేజు రాశాక సర్వే నంబరు, గజాలు, నాలుగు హద్దులు చదవాలి. తూర్పున ఎవరి ఇల్లు? పడమర ఏముంది? స్థలం దగ్గరకు వెళ్లి సరిచూసుకోవాలి. కొన్నవారి పేరు కూడా చూడాలి. ఇంటి ఇల్లాలి కష్టం అందులో ఉంటే ఆమె పేరూ అందులో ఉండాలి.

రిజిస్ట్రేషను ఆఫీసులో చదువుకున్నవారి చేత కూడా వేలిముద్ర వేయిస్తారు. వేలిముద్ర వేయడం సిగ్గు కాదు. చదవకుండా వేయడమే నష్టం. కూడబలుక్కుని చదివినా పరవాలేదు. తొందరపెట్టేవారిని కాసేపు ఆగమనాలి.