పూలకుండీ కింద రొయ్యల చుట్టం

పిల్లలూ, ఒకసారి మీ పెరట్లో పూలకుండీని పక్కకు జరిపి చూడండి. కుండీ కింద తడినేలమీద బూడిదరంగు పురుగులు వెలుతురు తగలగానే గాబరాగా పరుగెత్తుతవి. అదృష్టం బాగుంటే, ముట్టుకోగానే శనగగింజలా ఉండ చుట్టుకుపోయేది కూడా వాటిలో దొరుకుతుంది. రోకలిబండ కూడా చుట్టుకుంటుంది గదా, అంటారేమో! అది చుట్టుకుంటే చక్రంలా ఉంటుంది. దీనిది అచ్చమైన ఉండ. పైగా దీని కాళ్ళు పద్నాలుగే.

జపానులో పిల్లలకు ఇదంటే మహా ముద్దు. అక్కడ మన ఉండ్రాళ్ళవంటి పిండివంట ఒకటున్నది. దాని పేరు దాంగో. అందుకని దీన్ని 'దాంగోముషి', అంటే ఉండ్రాళ్ళ పురుగు, అంటారు. థాయిలాండు గుహల్లో దొరికే, బాతుమొహంలా పచ్చని మొహంగల రకాన్ని కొందరు బోలెడంత డబ్బుపోసి కొంటారు. మనకెందుకా ఖర్చు? పెరట్లోది ఊరికే దొరుకుతుంది.

నిజానికి ఇది పురుగే కాదు, రొయ్యలకూ పీతలకూ చుట్టం. దీని పూర్వులు సముద్రంలో ఉండేవి. ఇది నేలమీదికి వచ్చిందేగాని నీటిని పూర్తిగా వదలలేదు. పొట్టకింద, వెనకవైపున మొప్పలవంటి రేకులున్నవి. అవి తడిగా ఉంటేనే దీనికి ఊపిరాడుతుంది.

ఈ సంగతి తెలియక నేను మొదటిసారి డబ్బామూతకు చాలా చిల్లులు పెట్టాను. వేసవిలో నాలుగు రోజులు ఊరికి వెళ్ళివచ్చేసరికి మట్టి పెళ్ళకట్టింది, ఒక్కటీ బతకలేదు. రెండోసారి భయంకొద్దీ రోజూ నీళ్ళు పోశాను. మట్టి బురదై కుళ్ళిపోయింది, అవీ పోయినవి. మూడోసారి సగం తడిగా, సగం పొడిగా ఉంచాను. ఎప్పుడు ఎటు ఉండాలో వాటికే తెలుసు!

మీరూ అట్లాగే చేయండి. వెడల్పాటి గాజుసీసాలోగాని డబ్బాలోగాని మూడు వేళ్ళెత్తు మట్టి పోసి, ఎండిన మామిడాకులో బాదం ఆకులో పరిచి, ఒక బెరడుముక్క పెట్టండి. ఆకులే వాటి ఇల్లు, ఆకులే భోజనం. పురుగుమందు తగిలిన ఆకులు మాత్రం వద్దు. మూతకు నాలుగైదు చిన్న చిల్లులు చాలు. ఒకవైపే నీళ్ళు చిలకరించండి. పెంకు గట్టిపడాలంటే సున్నం కావాలి గనక, కోడిగుడ్డు పెంకు నలిపి వేయండి. డబ్బాను ఎండలో పెట్టకండి. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

కొన్నాళ్ళకు ఒకటి ముందు ఒక రంగుగా, వెనక ఒక రంగుగా కనబడవచ్చు. జబ్బేమో అని కంగారుపడకండి. ఇది కుబుసాన్ని రెండు విడతలుగా విడుస్తుంది: ముందు వెనకసగం, కొద్ది రోజులకు ముందుసగం. విడిచిన కుబుసాన్ని తినేస్తుంది కూడా! సున్నాన్ని వృథా పోనివ్వదు.

అన్నిటికంటె వింత తల్లి సంగతి. గుడ్లను అది ఎక్కడా పెట్టదు. పొట్టకింద నీళ్ళు నిండిన సంచిలో వాటిని మోస్తుంది. సముద్రాన్ని వదలివచ్చినా, పిల్లలకోసం చెంచాడు కూడా లేని ఆ చిన్ని చెరువును వెంట తిప్పుకుంటున్నదన్నమాట! అందుకే ఆ రోజుల్లో డబ్బా ఎండిపోతే తల్లితోబాటు గుడ్లూ పోతవి.

కొన్ని వారాలకు, ఒక రాత్రి టార్చిలైటు వేసి బెరడు ఎత్తి చూస్తే, చుట్టూ తెల్లని చుక్కలు కదులుతూ ఉంటవి. అవే పిల్లలు. భూతద్దం పెట్టి ఒకదాని కాళ్ళు లెక్కపెట్టండి. పన్నెండే ఉంటవి. కుబుసం విడిచి ఇంకాస్త పెరిగాకగాని ఏడో జత రాదు.