పెరటి బాగు - ఇంటి వెల

ఇల్లమ్మదలచినవాడు సాధారణముగ వీధివైపు గోడకు సున్నము వేయించును. కొనవచ్చినవాడు మాత్రము వీధిగుమ్మము దాటి తిన్నగ పెరటిలోనికి బోయి నూతిలోనికి తొంగిచూచును. పల్లెబేరములందు మేము పలుమారులు గమనించిన సంగతి యిది. ఇంటిలోపలి కొరతలను సొమ్ము వెచ్చించి సవరించుకొనవచ్చును. నీరు, మురుగు, హద్దు అను మూడింటి కొరత కొన్నవానిని చిరకాలము వేధించును గాన, వెల తెగుటయు విరుగుటయు పెరటిలోనే జరుగును.

మన సభ్యులలో వేడుకపడి యిల్లమ్మువారు లేరు. పంట పోయినపుడో, వైద్యమునకో, బిడ్డలు పట్టణములందు స్థిరపడినపుడో యమ్మకము తటస్థించును. అట్టి సమయమున తొందర యమ్మువానిది, తీరిక కొనువానిది. పెరటిలో వ్రేలుపెట్టి చూపిన ప్రతి లోపమునకును తగ్గింపు అడుగబడును. కావున అవసరము రాకముందే, చేతిలో నాలుగు రూకలాడుచున్న కాలముననే, యీ పనులు చక్కబెట్టుకొనుట మేలు. అమ్మకము రాకపోయినను ఆ సుఖము ననుభవించువారు మనమే గదా!

మొదట నూయి. దానికి నడుమెత్తు గోడయు, చుట్టును వెలుపలికి వాలుగ సిమెంటు చప్టాయు నుండవలయును. చప్టా పగిలినచో బట్టలుదికిన నీరు, గిన్నెలు కడిగిన నీరు మరల నూతిలోనికే దిగును. మరుగుదొడ్డి గుంటయు, పెంటకుప్పయు నూతికి 50 అడుగులకు తక్కువ దూరమున లేకుండ జూచుకొనవలెను. గుంటను కదల్చుట కష్టము గాని పెంటకుప్పను మార్చుటకు రెండు దినముల కూలి చాలును. క్రొత్తగ బోరు దింపదలచినవారు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము విధించిన నిర్బంధములను ముందుగ నధికారులవలన దెలిసికొనుట మంచిది. త్రాగునీటి వనరులకు 250 మీటర్ల లోపల నీ విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును.

డాబామీది వాననీటిని వీధిపాలు చేయువారిని జూచిన మాకు విచారము కలుగును. చదరపు మీటరుపై ఒక్క మిల్లీమీటరు వాన కురిసిన నది ఒక లీటరు. అనంతపురము ప్రాంతమున సాలీనా వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. అంతటి కరవుసీమలోనైనను 100 చదరపు మీటర్ల డాబామీద 55,000 లీటర్లు పడును. అయిదవవంతు వ్యర్థమైనను 44,000 లీటర్లు మిగులును. ఒక గొట్టము, ఇసుకయు గులకరాళ్లును నింపిన గుంట యొకటి యున్నచో నదియంతయు భూమిలో కింకి, యెండకాలమున నూతికి కొంత యాదరువగును.

ఇక మురుగు. ఇరుగుపొరుగుల వైరములలో సగము దీనివలననే పుట్టుచున్నవి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గల గుంట త్రవ్వి, అడుగున పెద్దరాళ్లు, మీద ఇటుకముక్కలు పోసి, నోటియొద్ద చిల్లులుపెట్టిన కుండలో గడ్డి కూరి యుంచినచో వంటింటి నీటిలోని జిడ్డు ఆ గడ్డికే పట్టును. గడ్డిని పదునైదు దినములకొకసారి మార్చుచుండవలెను. ఎఱ్ఱనేలలందును ఇసుకనేలలందును ఈ యింకుడుగుంట చక్కగ పనిచేయును. రేగడినేలలో నట్లు గాదు. రేగడి తడిసిన నుబ్బును, ఎండిన కుంచించుకొనిపోవును. నీరు మెల్లగ నింకును. పునాదిప్రక్క మురుగు నిలిచినచో నేల యొకవైపు లేచి యొకవైపు క్రుంగి గోడలు బీటలువారును. ఆ బీటను సున్నముతో కప్పినను తెలిసినవాని కన్ను కప్పజాలము. కావున రేగడిసీమలవారు గోడచుట్టును మూడడుగుల వెడల్పున వాలుచప్టా వేయించి, వాడుకనీటిని కాలువద్వారా దూరముననున్న అరటి, కంద మడులకు మరల్చుట యుత్తమము.

చెట్ల విషయమున మా మాట క్లుప్తము. కాయు కొబ్బరి, నిమ్మ, కరివేప, మునగ యున్న పెరటిని జూచి యింటి యాడువారు ముందుగ మెచ్చుకొందురు. బేరము సగము వారి మెప్పుతోనే కుదురును. దేశవాళి కొబ్బరి కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును గాన నేడు నాటినవాడే నాడు చూపగలడు. రావి, మఱ్ఱి మొలకలు గోడసందున గనబడిన దినమే పెరికివేయవలయును.

పశువులశాలకు రాతిపరపు, మూత్రము పోవు కాలువ, గట్టి కప్పు ఉన్న చాలును. పశువులు లేని కొనుగోలుదారుడు దానిని బండికో విత్తనపు బస్తాలకో వాడుకొనును. పెరడంతయు సిమెంటు పరపించి రంగుపలకలు పొదిగించుట మాత్రము మాకు రుచింపదు. వాన యింకదు, వేసవిలో నిల్లు కాలును, పెట్టిన సొమ్ము బేరములో తిరిగి రాదు.

వీనియన్నిటికంటె విలువ పెంచునది హద్దు. ఇరువైపులవారి సమక్షమున కొలిపించి రాళ్లు పాతించిన పెరటికిని, తగవులోనున్న పెరటికిని వెలలో నెంత యంతరమో చెప్పనక్కరలేదు. 1882 నాటి ఈజుమెంటుల చట్టము ననుసరించి, పొరుగువాడు మన పెరటిగుండ దారినో మురుగునో బహిరంగముగ, నిరాటంకముగ, హక్కుగ 20 సంవత్సరములు వాడుకొనినచో నది యాతని హక్కుగనే స్థిరపడవచ్చును. మొగమాటమున నూరకుండినవారు, అమ్మకమునాడు కొనువాడు "ఆ కాలువ యెవరిది?" అని యడిగినపుడు తెల్లబోవుదురు. అనుమతి నిచ్చినచో కాగితముమీద నిండు. ఇయ్యనిచో వెంటనే యభ్యంతరము తెలుపుడు.

2020 ఏప్రిల్ 24న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన స్వామిత్వ పథకము క్రింద కొలత జరిగి ఆస్తికార్డు లీయబడిన గ్రామములందు, కార్డులోని విస్తీర్ణమును పెరటిగోడతో నిప్పుడే సరిచూచుకొనుట మంచిది. భేదమున్న యెడల పొరుగువారితో సఖ్యముగనున్న కాలమే దిద్దుబాటునకు తగిన కాలము.

దస్తావేజు వ్రాయునపుడు షెడ్యూలులో నూయి, బోరు, చెట్లు, శాల, ప్రహరీ అన్నియు పేరుపేరున చేర్పింపవలెను. నేలకు నాటుకొనియున్నవి, వేరుగ నిర్ణయించుకొననిచో, సాధారణముగ నేలతోపాటే కొన్నవానికి సంక్రమించును. ఆ యేటి కొబ్బరికాపునో, బోరులోని మోటారునో తనకుంచుకొనదలచిన సభ్యుడు బయానా పుచ్చుకొనకముందే యా మాట యొడంబడికలో వ్రాయించుకొనవలయును.