సిలోయము గోపురము, నల్లమల కొండ



2009 సెప్టెంబరు 2, బుధవారం. ఉదయం 8 గంటల 38 నిమిషాలకు అప్పటి ముఖ్యమంత్రి డాక్టరు వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు బేగంపేట నుండి హెలికాప్టరులో బయలుదేరారు. చిత్తూరు జిల్లాలో రచ్చబండ ప్రారంభించి, ప్రజల కష్టసుఖాలు వినాలని ఆయన ఉద్దేశము. గంట గడవకముందే సంబంధాలు తెగిపోయాయి.

ఆ రాత్రి పెద్దమందడి వంటి మన పల్లెల్లో ఎన్ని ఇళ్ళలో ప్రార్థనలు జరిగాయో ప్రభువునకే తెలుసు. మరునాడు ఉదయం నల్లమల అడవిలో, పావురాలగుట్ట వద్ద, శకలాలు కనబడ్డాయి. అందులోని ఐదుగురిలో ఒక్కరూ మిగలలేదు.

ఆయన క్రైస్తవ కుటుంబీకుడు. అందుచేత కొందరు విశ్వాసులు, “మన ప్రార్థనలు ఏమైనాయి?” అని కుమిలిపోయారు. గిట్టనివారు కొందరు, “పాపం పండింది” అన్నారు. రెండు మాటలకూ మూలము ఒక్కటే: చావు వచ్చిన తీరును బట్టి మనిషిని తూచడము.

సిలోయములో గోపురము కూలి 18 మంది చనిపోయినప్పుడు ప్రజలు ఇలాగే తలంచారు. వారు యెరూషలేములోని తక్కినవారికంటె పాపులు కారని యేసుప్రభువు తేటగా చెప్పి, వింటున్నవారినే మారుమనస్సుకు పిలిచారు (లూకా 13వ అధ్యాయము).

దర్యాప్తు సంఘము చెప్పినదేమి? గేరుబాక్సు చమురు పీడనములో వచ్చిన లోపమును సరిచూచుకొనుటలో పైలట్ల ధ్యాస నిలిచిపోయింది. దట్టమైన వానమబ్బుల్లో, బలముగా కిందికి నెట్టిన గాలికి హెలికాప్టరు అదుపు తప్పింది. ఆ మబ్బు ముఖ్యమంత్రి అని చూడలేదు. ఆయనతో బాటు కార్యదర్శి సుబ్రహ్మణ్యం గారు, భద్రతాధికారి వెస్లీ గారు, పైలట్లు భాటియా గారు, ఎం.ఎస్. రెడ్డి గారు కూడా పోయారు. ఐదు ఇళ్ళలో దీపము ఆరింది. మనము తరచు ఒక్క పేరే తలుస్తాము.

అంతకు ముందు, 2002 మార్చి 3న, లోక్‌సభకు తొలి దళిత స్పీకరైన జి.ఎం.సి. బాలయోగి గారు కైకలూరు దగ్గర హెలికాప్టరు కూలి మరణించారు. ఆయనతో ఉన్నవారి పేర్లు మనలో ఎందరికి జ్ఞాపకమున్నాయి?

సహోదరీ సహోదరులారా, మన ఊళ్ళో ట్రాక్టరు బోల్తాపడినా, రోడ్డుమీద పడుచు బిడ్డ పోయినా, ఆ గడపలో మనమేమంటాము? “ఏ పాపము చేశారో” అన్న మాట చావుకంటె లోతుగా గుచ్చుతుంది. ఆ మాట మాని, ఒక పూట అన్నము వండి పట్టుకెళ్దాము. మౌనముగా పక్కన కూర్చుందాము. బండి బ్రేకులు చూచుకొని, ఉరుము వాన ఆగేదాకా బయలుదేరకుండ ఆగుదాము. జాగ్రత్త అవిశ్వాసము కాదు.

అధికారుల కొరకు ప్రార్థించేటప్పుడు, వారి బండి నడిపేవారినీ, కావలి కాచేవారినీ, ఇంటి దగ్గర ఎదురుచూచే వారి బిడ్డలనూ జ్ఞాపకము చేసికొందము. ప్రభువు దృష్టిలో ఆ ఐదుగురూ సమానులే.